ఇంటి వైద్య పరికరాలు, ప్రభుత్వ ఆరోగ్య బీమా: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోగి ఊపిరి తీసుకోవడానికి, కదలడానికి, పుండ్లు పడకుండా పడుకోవడానికి ఇంట్లో పెట్టుకుని వాడే సామానును ఇంటి వైద్య పరికరాలు అంటారు. ఆక్సిజన్ మిషన్, నెబులైజర్, నిద్రలో ఊపిరి అందించే సీపాప్, బైపాప్ మిషన్లు, కఫం లాగే సక్షన్ మిషన్, చక్రాల కుర్చీ, వాకర్, చంక కర్రలు, గాలి పరుపు, చెవి మిషన్, కృత్రిమ కాలు, ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేవాళ్లకు ద్రవం సంచులు ఈ కోవలోకి వస్తాయి. యూరిన్ బ్యాగులు, ముక్కు పైపులు, డైపర్లు చూడ్డానికి చిన్నవే గానీ మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో ప్రతి నెలా కొనక తప్పనివి. నంద్యాల జిల్లాలో వీటిని ప్రభుత్వ ఖర్చుతో తెచ్చుకోవడానికి ఒక్క దారంటూ లేదు. ఉన్న దారులు నాలుగైదు శాఖల మధ్య చీలిపోయాయి. వాటిలో ఆరోగ్య బీమా దారి ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది.

ఆసుపత్రి మంచం దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పెద్ద జబ్బు వచ్చిన పేదలు అంతకుముందు ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీలు పెట్టుకునేవారు. ఆ అర్జీల ఒత్తిడి నుంచే ఈ పథకం పుట్టింది. గుండె ఆపరేషన్, క్యాన్సర్, కాలిన గాయాలు, ప్రమాదాలు లాంటి ఒకేసారి లక్షలు అడిగే చికిత్సలే అప్పటి అర్జీల్లో ఎక్కువ. అందువల్ల పథకం లెక్కంతా ప్యాకేజీల మీద నిలబడింది: ఫలానా ఆపరేషన్‌కు ఇంత, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులకు ఇంత. నెలకు ఇంత చొప్పున ఏళ్ల తరబడి కారే ఖర్చుకు ఆ లెక్కలో గడి లేదు.

ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరూ మారింది. మొదట రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, 2019 తర్వాత డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. బోర్డు మీద ఏ పేరున్నా ఆళ్లగడ్డ బస్టాండులో అడిగితే చెప్పేది ‘ఆరోగ్యశ్రీ’ అనే. ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. చికిత్సల జాబితా 3,257కు పెరిగింది. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని 25 లక్షలకు పెంచారు. 2018 సెప్టెంబరు 23న మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం పరిమితి 5 లక్షలు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఆ కార్డు ఇస్తున్నారు.

అంకెలు పెద్దవే. కానీ 25 లక్షల పరిమితి ఉన్న కార్డు మీద కొన్ని వేల రూపాయల గాలి పరుపు రాదు. పరిమితిలో డబ్బు మిగిలి ఉన్నా సరే, పరుపు అనేది ప్యాకేజీ కాదు కాబట్టి రాదు. డిశ్చార్జి తర్వాత ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ ఇస్తున్నవి పది రోజుల మందులు. ఆయుష్మాన్ భారత్ లెక్కలో ఆ గడువు 15 రోజులు. ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు ఏడాది పాటు ఫాలో అప్ మందులు, పరీక్షలు ఉంటాయి. 2019 డిసెంబరు 1న ఆరోగ్య ఆసరా పేరుతో ఒక మంచి ఆలోచన అమలులోకి వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఇంట్లో విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలు మించకుండా ఇచ్చారు. బీమా పథకం చూపు ఇంటి గుమ్మం దాకా వచ్చిన సందర్భం అదొక్కటే అనవచ్చు. అదీ పోయిన కూలికి బదులే గానీ పరికరానికి కాదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. పరికరం శరీరం లోపలికి పోయేదైతే ఆరోగ్యశ్రీ ఇస్తుంది, మంచం పక్కన పెట్టుకునేదైతే ఇవ్వదు. స్టెంటు ఇస్తుంది, పేస్‌మేకర్ ఇస్తుంది, ఎముకలో వేసే రాడ్డు ఇస్తుంది. పుట్టుచెవిటి పిల్లలకు లక్షలు ఖరీదు చేసే కాక్లియర్ ఇంప్లాంట్‌ను మొదటి ఏళ్ల నుంచీ ఇస్తోంది. ఎందుకంటే వాటన్నిటికీ ఒక ఆపరేషన్ ఉంది, ఆపరేషన్‌కు ఒక ప్యాకేజీ ఉంది. ఆ రాడ్డు వేసుకున్న మనిషే ఇంటికి వెళ్లి ఆరు వారాలు వాకర్ పట్టుకుని నడవాలి. వాకర్ మాత్రం సర్జికల్ షాపులో కొనుక్కోవాలి.

ప్రైవేటు బీమాలోనూ ఇదే ధోరణి. బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య పాలసీల కోసం తయారు చేసిన చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితాలో ఆసుపత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండరు, నెబులైజర్ కిట్, సీపాప్ పరికరం, నడక సాయపు సామాను, మోకాలి పట్టీ అన్నీ ఉన్నాయి. కంపెనీ కావాలనుకుంటే ఇవ్వవచ్చు, లేకపోతే లేదు.

సదరం దారి

ఇంటికి చేరే పరికరాల్లో ఎక్కువ భాగం వైద్యారోగ్య శాఖ నుంచి రావు, సంక్షేమ శాఖల నుంచి వస్తాయి. అంటే రోగిగా అడిగితే దొరకనిది దివ్యాంగుడిగానో వృద్ధుడిగానో అడిగితే దొరుకుతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఎన్నో తిరుగుళ్లు తప్పుతాయి.

దివ్యాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్ర పథకం ఎడిప్ 1981 నుంచి ఉంది. 1972లో కాన్పూరులో పెట్టిన ప్రభుత్వ రంగ సంస్థ అలిమ్‌కో వీటిని తయారు చేసి, జిల్లాల్లో క్యాంపులు పెట్టి పంచుతుంది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. నెల ఆదాయం 22,500 రూపాయల లోపయితే పూర్తిగా ఉచితం, 30,000 దాకా అయితే సగం ధర. ఒకసారి తీసుకున్న పరికరాన్ని మళ్లీ మూడేళ్ల దాకా అడగకూడదు. 12 ఏళ్ల లోపు పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి వాళ్లకు ఏడాదే. చక్రాల కుర్చీ, మూడు చక్రాల బండి, చంక కర్రలు, కాలిపర్లు, కృత్రిమ అవయవాలు, చెవి మిషన్లు, చూపు లేనివారికి చేతి కర్రలు ఈ పథకంలో వస్తాయి.

రాష్ట్రంలో సర్టిఫికెట్ అంటే సదరం. 2009-10 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన కంప్యూటర్ పద్ధతి పేరే జనం నోట సర్టిఫికెట్ పేరైంది. గ్రామ, వార్డు సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకుని, చెప్పిన రోజున ప్రభుత్వాసుపత్రి క్యాంపుకు వెళ్తే డాక్టరు వైకల్య శాతం తేలుస్తారు. నంద్యాల 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి జిల్లా అయింది. 2023 సెప్టెంబరు 15న నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఈ రెండింటి వల్ల ఒకప్పుడు కర్నూలు పెద్దాసుపత్రి దాకా పోవలసిన పనులు కొన్ని దగ్గరికొచ్చాయి. దగ్గరన్నా ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు. అహోబిలం వైపు పల్లెల వాళ్లకు ఆళ్లగడ్డ చేరడమే ఒక ప్రయాణం. నడవలేని మనిషికి నడవలేడని రాయించడానికి ఆటో మాట్లాడుకుని ఇద్దరు ఎత్తుకుపోవాలి. పద్ధతిలో దీనికంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. పక్షవాతం వచ్చిన వెంటనే వైకల్య శాతం తేల్చరు, పరిస్థితి నిలకడకు వచ్చేదాకా ఆగమంటారు. వైద్యపరంగా అది సబబే. కానీ గాలి పరుపు, వాకర్ అత్యవసరమయ్యేది సరిగ్గా ఆ ఆగే నెలల్లోనే. పరుపు లేక నడుము కింద పుండు పడితే తర్వాత వచ్చే చక్రాల కుర్చీలో కూర్చునే వీలే ఉండదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది. కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్ అందులో చేరాయి. ఊపిరితిత్తుల జబ్బు చేరలేదు, కిడ్నీ వైఫల్యమూ చేరలేదు. దీని ఫలితం కింద ఊపిరి రోగుల భాగంలో తెలుస్తుంది.

రాష్ట్రంలో దివ్యాంగులు, వయోవృద్ధుల సహాయ సంస్థ మోటారు మూడు చక్రాల బండ్లను నియోజకవర్గానికి 10 చొప్పున ఇస్తూ వచ్చింది. అంటే ఆళ్లగడ్డకు 10, నంద్యాలకు 10. అర్హులు ఎందరో, బండ్లు ఎన్నో ఎవరికి వారు లెక్కేసుకోవచ్చు. బడి పిల్లలకు వేరే దారి ఉంది. సమగ్ర శిక్ష అనే బడుల పథకంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల ద్వారా అలిమ్‌కో పరికరాలు అందుతాయి. టీచరు పేరు రాయించుకుంటే చాలు కాబట్టి ఉన్న దారుల్లో ఇదే కాస్త నున్నటి దారి.

డబ్బు రూపంలో అందే సాయాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్ర కండరాల క్షీణత ఉన్నవారికి 15,000. దీర్ఘకాలిక కిడ్నీ రోగులకు, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి 10,000. ఇది బీమా కాదు, పరికరాల పథకమూ కాదు. కానీ నా లెక్కలో ఈ ప్రాంతపు ఇళ్లలో డైపర్లకు, యూరిన్ బ్యాగులకు, పరుపులకు నిజంగా డబ్బు కడుతున్న ప్రభుత్వ పథకం ఈ పింఛనే. అందుకే 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించి పింఛను రద్దు నోటీసులు ఇచ్చినప్పుడు అంత ఆందోళన రేగింది.

వృద్ధులకు

దారిద్ర్య రేఖకు దిగువనున్న వృద్ధులకు ఊతకర్ర, వాకర్, చక్రాల కుర్చీ, చెవి మిషన్, కళ్లజోడు, కట్టుడు పళ్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. 60 ఏళ్లు నిండాలి. వయసుతో వచ్చిన లోపమైతే చాలు, సదరం శాతంతో పని లేదు. తర్వాత కమోడున్న చక్రాల కుర్చీ, మోకాలి పట్టీ, నడుము పట్టీ కూడా జాబితాలో కలిశాయి. పంపిణీ ఇక్కడా అలిమ్‌కోదే, క్యాంపుల ద్వారానే. క్యాంపు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియకపోవడం వృద్ధుల అసలు ఇబ్బంది. తుంటి విరిగిన అవ్వ క్యాంపు వచ్చేదాకా నడక ఆపుకుని కూర్చోదు కదా. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ఉపకేంద్రాల స్థాయిలోనే ఊతకర్రలు, వాకర్లు, కాలిపర్లు ఉంచాలని చెప్పింది. ఇది వైద్య శాఖ మాట. కాబట్టి ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంను అడగడానికి ఎవరూ వెనకాడనక్కర్లేదు.

ఊపిరి రోగులు

అన్ని దారులూ మూసుకుపోయేది వీళ్లకే. పొగాకు, కట్టెల పొయ్యి, క్షయ మిగిల్చిన మచ్చలు, రాతి దుమ్ము ఊపిరితిత్తులను మెల్లగా తినేస్తాయి. నంద్యాల జిల్లా రాతికి పేరున్న నేల. బేతంచెర్ల నాపరాళ్లు, పాలిష్ ఫ్యాక్టరీలు, కొలిమిగుండ్ల వైపు సిమెంటు, సున్నపురాయి గనులు, ఆళ్లగడ్డలో తరాలుగా విగ్రహాలు చెక్కే శిల్పుల వాడ. ఉలి సుత్తి కాలంలో లేచిన దుమ్ము వేరు, కోత మిషన్లు, గ్రైండర్లు వచ్చాక లేచే దుమ్ము వేరు. రాతిలో సిలికా ఉంటే ఆ సన్నని ధూళి ఏళ్ల తరబడి లోపలికి పోయి సిలికోసిస్‌గా మారుతుంది. దానికి నయం చేసే మందు లేదు. ముదిరితే మిగిలేది ఆక్సిజనే.

ఇంట్లో ఆక్సిజన్ ప్రాణం నిలబెడుతుందని 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వెలువడిన రెండు పరిశోధనలు తేల్చాయి. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగులు రోజుకు కనీసం 15 గంటలు దాన్ని పీలిస్తే ఎక్కువ కాలం బతికారు. అప్పటి నుంచి డాక్టర్లు పాటించే కొలత ఒకటే: విశ్రాంతిగా కూర్చున్నప్పుడు వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరులో 88 శాతం లేదా అంతకన్నా తక్కువ, ధమని రక్త పరీక్షలో ఆక్సిజన్ పీడనం 55 లేదా అంతకన్నా తక్కువ. అంతకు మించి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంటి ఆక్సిజన్ వల్ల పెద్దగా మేలు లేదు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

కాన్సంట్రేటర్ అనే ఆక్సిజన్ మిషన్ గాలిలోని నైట్రోజన్‌ను జియోలైట్ గుళికలకు అంటించి, మిగిలిన ఆక్సిజన్‌ను పైపులోకి పంపుతుంది. నిమిషానికి ఐదు లీటర్ల మిషను సుమారు 350 వాట్ల కరెంటు తాగుతుంది. రోజుకు 15 గంటలు నడిస్తే ఐదు యూనిట్ల పైమాటే, నెలకు 157 యూనిట్లు. మామూలు ఇంటి కరెంటు బిల్లుకు ఇది అదనం. కరెంటు పోతే సిలిండరు కావాలి. 1,500 లీటర్ల చిన్న సిలిండరు నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే పన్నెండున్నర గంటలు వస్తుంది. 7,000 లీటర్ల పెద్ద సిలిండరు రెండున్నర రోజుల లోపే. నంద్యాలలో ఉండేవాళ్లకు నింపించుకోవడం ఒక ఎత్తు, పల్లెల్లో ఉండేవాళ్లకు బండి కిరాయి మరో ఎత్తు.

ఈ రోగికి ఆరోగ్యశ్రీ ఏం చేస్తుంది? ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరితే చేస్తుంది. ఐసీయూలో పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి, నిలబెట్టి పంపుతుంది. ఇంటికి మిషను ఇవ్వదు. మిషను లేక మళ్లీ ఆయాసం ముదిరితే మళ్లీ చేర్చుకుంటుంది. సదరం? ఊపిరి జబ్బు 21 వైకల్యాల్లో లేదు. వయోశ్రీ? ఆ జాబితాలో ఆక్సిజన్ లేదు. కార్మిక చట్టాలు? 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, 1948 నాటి కార్మికుల బీమా చట్టం (ఈఎస్ఐ) సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగానే గుర్తించాయి. కానీ ఈఎస్ఐ పనిచేసేది పదిమందికి తక్కువ కాకుండా ఉన్న సంస్థలో, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, చందా కట్టే కార్మికుడికి. సొంత షెడ్డులో విగ్రహం చెక్కే శిల్పికి యజమానీ తనే, కార్మికుడూ తనే. హాజరు పట్టీ లేని రాయి కోత కూలీకి జబ్బు ఎక్కడ వచ్చిందో రుజువు చేసే కాగితం దొరకదు.

తెరవదగ్గ తలుపు ఒకటుంది. గనుల రాయల్టీతో పాటు వసూలయ్యే సొమ్ముతో 2015 నుంచి ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆ నిధిలో పెద్ద వాటా ఖర్చు చేయాల్సిన ముఖ్య రంగాల్లో ఆరోగ్యం, వృద్ధుల, దివ్యాంగుల సంక్షేమం పేరు పెట్టి ఉన్నాయి. రాతి దుమ్ముతో వచ్చిన జబ్బుకు రాతి మీద వచ్చిన డబ్బుతో ఆక్సిజన్ మిషన్లు కొని, ఆసుపత్రి నుంచి అరువుగా ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా స్థాయిలో ఒక తీర్మానం చాలు.

డయాలసిస్, ఉద్యోగుల పథకాలు

డయాలసిస్ సెంటరుకు వెళ్లి చేయించుకునే రక్తశుద్ధిని ఆరోగ్యశ్రీ భరిస్తుంది. వారానికి రెండు మూడు సార్లు పోయి రావడం మాత్రం రోగి భారమే. పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఇంకొకటి ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో దాన్ని 2019లో చేర్చారు. పక్కనున్న తమిళనాడు 2021 ఆగస్టు 5న మొదలుపెట్టిన ఇంటింటి వైద్య పథకంలో ఆ సంచులను రోగి గుమ్మం దగ్గరకే చేరుస్తోంది.

ఉద్యోగుల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ పథకాల్లో చెవి మిషన్, సీపాప్, బైపాప్, ఆక్సిజన్ మిషన్లకు నిపుణుడి సిఫార్సు మీద నిర్ణీత పరిమితి దాకా డబ్బు తిరిగి వస్తుంది. ఈఎస్ఐలో కృత్రిమ అవయవాలు, ఉపకరణాలు వైద్య సేవలో భాగం. అంటే ఇంటి పరికరాన్ని బీమా కిందికి తేవడం మన ప్రభుత్వాలకు చేతకాని పని కాదు. జీతపు చీటీ ఉన్నవాడికి చేస్తున్నదే రేషన్ కార్డు ఉన్నవాడికి చేయడం లేదు.

ఇతర చోట్ల

అమెరికా మెడికేర్ ఇంటి పరికరాలకు వేరే విభాగమే పెట్టి ఖర్చులో 80 శాతం భరిస్తుంది. ఆక్సిజన్ మిషనుకు 36 నెలలు అద్దె కడుతుంది. జపానులో 1985 నుంచి ఇంటి ఆక్సిజన్ ఆరోగ్య బీమాలో ఉంది. 2000లో వచ్చిన వృద్ధుల సంరక్షణ బీమా మంచాలు, చక్రాల కుర్చీలు అద్దెకు ఇప్పిస్తుంది. థాయిలాండ్ 2008లో ఇంటి డయాలసిస్‌కే మొదటి పీట వేసి సంచులు ఇళ్లకు పంపింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. కేరళ 2008లో ఉపశమన సంరక్షణ విధానం ప్రకటించాక అక్కడి పంచాయతీలు మంచాలు, చక్రాల కుర్చీలు, గాలి పరుపులు ఇళ్లకు అరువిచ్చి, పని తీరాక వెనక్కి తెచ్చుకుని మరొకరికి ఇస్తున్నాయి. పరికరం అమ్ముడయ్యే సరుకు కాదు, చేతులు మారే ఊరుమ్మడి సామాను అన్న ఈ పద్ధతే మన జిల్లాకు అన్నిటికన్నా బాగా అతుకుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ప్రస్తుతం చేయదగ్గది

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు భరించే పద్ధతి అది. అక్కడా లెక్క ఆ 3,257 చికిత్సలదే.

ఆ లెక్కలో ఇంటి పరికరాలకు చోటు దొరికేదాకా రోగి వెంట ఉన్నవాళ్లు డిశ్చార్జి రోజునే కొన్ని పనులు చేసుకోవాలి. ఇంట్లో ఏ పరికరం, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని నెలలు కావాలో డిశ్చార్జి కాగితంలో డాక్టరు చేత రాయించుకోండి. ఆక్సిజన్ అయితే మామూలు గాలి పీలుస్తున్నప్పటి ఆక్సీమీటరు రీడింగును తేదీతో సహా వేయించండి. ముఖ్యమంత్రి సహాయ నిధికైనా, కలెక్టరేటులో సోమవారం అర్జీకైనా ఆధారం ఆ కాగితమే. ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్య మిత్రను ఫాలో అప్ ప్యాకేజీ ఉందేమో అడగండి, దొరక్కపోతే 104కు ఫోన్ చేయండి. పక్షవాతమైతే శాతం తర్వాత తేలినా సదరం స్లాటుకు సచివాలయంలో ముందే పేరు పెట్టించండి. అరవై దాటినవాళ్ల పేరు వయోశ్రీ క్యాంపు జాబితాకు ఇవ్వండి. మీ ఇంట్లో పని తీరిన వాకరో, పరుపో, ఆక్సిజన్ మిషనో మూలన పడి ఉంటే ఊళ్లో ఏఎన్ఎంకు ఆ మాట చెప్పి ఉంచండి.